మీ డేటాబేస్ యజమాని బెంగళూరులో ఉన్నాడు

నమస్కారం. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ముందే ఒక మాట అనేస్తాను, కోపం వస్తే రానివ్వండి. మీ దుకాణం లెక్కలన్నీ దాచే డేటాబేస్ మీది కాదు. నెలనెలా డబ్బు కట్టేది మీరే, అందులో ఉన్న లెక్కలూ మీవే. అయినా మీది కాదు. ఆ ఖాతా ఎవరి ఈమెయిల్ మీద తెరిచారో, వాళ్లది!

మైక్రోసాఫ్ట్ తన అజూర్‌లో, అంటే ఇంటర్నెట్ మీద కంప్యూటర్లు అద్దెకిచ్చే తన క్లౌడ్‌లో, మరియాడీబీ అనే డేటాబేస్ సేవను 2025 సెప్టెంబరు 19న మూసేసిందని పోయిన వీడియోలో చెబితే మీరు రెండు జట్లుగా విడిపోయారు. చిన్నవాళ్లను గెంటేశారని ఒక జట్టు. ముందే చెప్పినా కదలని సోమరులకు అలాగే కావాలని రెండో జట్టు. రెండూ తప్పే అంటాను. అదే అజూర్‌లో మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అని ఇంకో రెండు రకాల డేటాబేస్‌లకు సింగిల్ సర్వర్ అనే పాత సేవలు ఉండేవి. మైఎస్‌క్యూఎల్ సింగిల్ సర్వర్ 2024 సెప్టెంబరు 16న పోయింది, పోస్ట్‌గ్రెస్ సింగిల్ సర్వర్ 2025 మార్చి 28న పోయింది. ఇవేవీ చెప్పకుండా మూసినవి కావు. చెప్పారు. ఎవరికి చెప్పారన్నదే నా గొడవ.

2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గుర్తు చేసుకోండి. కళింగపట్నంలో ప్రమాద సూచిక ఎగరేస్తారు, ఊళ్లలో మైకు తిరుగుతుంది, టీవీలో రాత్రంతా అదే వార్త. తుఫాను మీద ఎవరికీ అనుమానం మిగలదు. మరి మీ పదేళ్ల ఖాతా పుస్తకాలన్నీ కొట్టుకుపోయే రోజు దగ్గరపడితే? ఒక ఈమెయిల్. అదీ మీకు కాదు.

పలాసలో నాకు తెలిసిన జీడిపప్పు వ్యాపారి ఒకాయన ఉన్నారు. ఏ క్లౌడ్ కంపెనీ అన్నది వదిలేయండి, పేరు చెప్పను. ఆయనకు ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ రాసిపెట్టింది వాళ్ల వీధి కుర్రాడే, ఇంజనీరింగ్ చదువుతుండగా. ఖాతా తన కాలేజీ రోజుల ఈమెయిల్ మీద తెరిచాడు. చదువు అయింది, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఆ పాత ఈమెయిల్ తెరవడం మానేశాడు. "మీ సర్వర్ ఫలానా తేదీకి ఆగిపోతుంది" అన్న హెచ్చరికలు ఒకదాని మీద ఒకటి అందులోనే పడ్డాయి. తేదీకి నాలుగు రోజుల ముందు, వేరే పని మీద తెరిచి చూసుకొని హడలిపోయాడు.

డేటా అంతా పాత సర్వర్ నుంచి కొత్తదానికి మోసుకెళ్లడాన్ని వలస అంటారు. నాలుగు రోజుల్లో చేసే వలస ఎలా ఉంటుందో ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని చూశాను. కొత్త సర్వర్ తిరుగుతోంది, జాబితా తెరుచుకుంటోంది. కానీ "పలాస" అని ఉండవలసిన చోట పన్నెండు వింత గుర్తులు! ఎందుకు పన్నెండు? "పలాస"లో కంప్యూటర్ లెక్కకు నాలుగు ముక్కలు: ప, ల, దీర్ఘం, స. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు ముక్క ఒక్కోటి మూడు బైట్లు, అంటే మూడు చిన్న గళ్లు. ఎగుమతి చేసేటప్పుడు అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో సరిగ్గా చెప్పకపోతే, కంప్యూటర్ ఆ మూడు బైట్లను మూడు వేరువేరు లాటిన్ గుర్తులుగా చదివేస్తుంది. మందస, కంచిలి, సోంపేట... అన్నీ అంతే. అంకెలు మాత్రం చెక్కు చెదరలేదు, వాటికి ఒక్క బైటు చాలు కాబట్టి. ఎన్ని బస్తాల పిక్కలు, ఎంత బాకీ, అంతా కళ్లకు కడుతోంది. బాకీ ఉంది, బాకీదారు లేడు.

"ఇది ఏ భాష బాబూ?" అని ఆయన నన్ను అడిగారు. నేనేం చెప్పను?

అదృష్టం ఏమిటంటే, ఇలా వింత గుర్తులుగా మారినదాన్ని వెనక్కి తిప్పవచ్చు, బైట్లు పోలేదు కాబట్టి. వాటి చోట ప్రశ్నార్థకాలు కనబడితే మాత్రం ఆ కాపీ మీద ఆశ వదులుకోవాలి. కుర్రాడు రాత్రంతా ఫోనులో ఉండి సరిచేశాడు. డబ్బు పుచ్చుకోలేదు. జీడిపప్పు డబ్బా పంపితే వద్దనలేదట, అది వేరే సంగతి.

మరియాడీబీ మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. మైఎస్‌క్యూఎల్‌కు ఆద్యుల్లో ఒకరైన మాంటీ విడేనియస్ దానికి పెట్టింది తన పెద్ద కూతురు మై పేరు. ఆ తర్వాత అందులోంచి వేరు కాపురం పెట్టిన మరియాడీబీకి చిన్న కూతురు మరియా పేరు. అజూర్ ఏమన్నది? మరియా ఇల్లు మూసేస్తున్నాం, సామాను మై ఇంటికి మోసుకెళ్లండి అంది! అక్కాచెల్లెళ్లే కానీ వంటిళ్లు ఒకటి కావు. మరియాలో ఉన్న సీక్వెన్సులు, అంటే వరుస నంబర్లు ఇచ్చే ఏర్పాట్లు, మైలో లేవు. వివరాలను పేర్లతో సహా మూటకట్టే జేసన్ అనే పద్ధతిలో రాసుకున్నది మరియాలో లోపల మామూలు పొడుగాటి పాఠమే, మైలో దానికి విడిగా ఒక రకం ఉంది.

"ఇవన్నీ సాంకేతిక సమస్యలే కదా, ఈమెయిల్‌ను ఎందుకు తిడతారు" అంటారా? అయితే ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థ సంగతి వినండి. 2017 జనవరి 31న వాళ్ల ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు సర్వర్‌లోనే డేటా చెరిపేశారు, దాదాపు 300 జీబీ. బ్యాకప్ చూద్దామంటే లేదు. బ్యాకప్ తీసే పనిముట్టు 9.2 రకం, డేటాబేస్ 9.6 రకం, రెండింటికీ పొసగక అది విఫలమవుతూనే ఉంది. విఫలమైన ప్రతిసారీ ఈమెయిల్ కూడా పంపేది. ఆ ఈమెయిళ్లు సంతకం సరిలేదని తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు! చూశారా? అంత పెద్ద సంస్థలో కూడా దొంగ దొరికింది ఈమెయిల్ పెట్టె దగ్గరే. చివరికి వేరే చోట దొరికిన పాత కాపీతో గట్టెక్కినా, ఆరు గంటల డేటా పోయింది.

మైగ్రేషన్ అంటే వలస. ఆ మాట సిక్కోలుకు ఒకరు నేర్పాలా? చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయే జిల్లా ఇది. ఇల్లు వదిలి పోయేటప్పుడు తాళంచెవి పక్కింటివాళ్ల చేతిలో పెట్టి పోతాం. ఆ కుర్రాడు మాత్రం పలాస ఆయన తాళంచెవి జేబులో వేసుకొని రైలెక్కాడు. దొంగబుద్ధి కాదు, పాపం. తన జేబులో ఉందని తనకే గుర్తులేదు.

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. మీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఫోను చేసి, ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉందో అడగండి. తర్వాత కింద కామెంట్లో రాయండి. ఈమెయిల్ చిరునామా రాయకండి, దయచేసి! ఆ మనిషి ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో ఆ ఊరి పేరు చాలు.