బట్టల్లేని బకెట్: లాక్‌డౌన్‌లో తీరిక ఎవరికి దొరికింది?

యాంకర్: నమస్కారం. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్. కోవిడ్ మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. జబ్బు భయం వల్లేనా మేడమ్?

మానసిక వైద్యురాలు: భయం ఉంది. జీతం వస్తుందో రాదోనన్న టెన్షనూ ఉంది. అయితే మామూలు రోజుల్లో ఆ బరువు దించుకోవడానికి ఒక పార్కో, గుడో, సినిమా హాలో ఉండేది. అవన్నీ ఒకేసారి మూసేశారు.

రిటైర్డ్ ఉద్యోగి: నాకైతే చాయ్ కొట్టు. పొద్దున్నే హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నడక, తర్వాత నలుగురం కూర్చుని ఇరానీ చాయ్. పార్కుకి తాళం వేశారు. ఇంటి నుంచి 3 కిలోమీటర్లు దాటొద్దన్నారు. సరే అని మేడ మీద తిరిగాను. నాలుగో రోజుకే విసుగొచ్చేసింది.

యాంకర్: దూరదర్శన్ రామాయణం మళ్లీ వేసిందిగా సార్!

రిటైర్డ్ ఉద్యోగి: ఒక్కటీ వదలకుండా చూశానండీ. అయ్యాక దాని గురించి ఎవరితో మాట్లాడాలి?

గృహిణి: మీకు విసుగు పుట్టేంత తీరికైనా దొరికింది సార్. (నవ్వులు) మా ఇంట్లో అందరూ ఇంట్లోనే. ఆయనకి మీటింగ్, పాపకి ఆన్‌లైన్ క్లాసు, మావయ్యగారికి మాత్రలు. పనమ్మాయి రాదు. సాయంత్రం కూరగాయలకి వెళ్లే అరగంటే నాదంటూ ఉండేది, అదీ పోయింది. బట్టలు ఆరేయడానికి మేడెక్కి, పిట్టగోడ దగ్గర నిలబడి పక్కింటి వదినతో మాట్లాడేదాన్ని. బట్టలు లేని రోజు కూడా ఖాళీ బకెట్ పట్టుకుని వెళ్లేదాన్ని.

యాంకర్: ఖాళీ బకెట్ ఎందుకండీ?

గృహిణి: ఊరికే వెళ్తున్నానంటే ఎవరో ఒకరు పిలుస్తారు కదా!

వైద్యురాలు: నా దగ్గరికి వచ్చిన చాలామంది ఆడవాళ్ల బాధ అదే. కాసేపు ఎవరికీ అమ్మ, కోడలు కాకుండా ఉండే చోటే లేదు. అలసట అనుకుని వచ్చేవారు.

యాంకర్: ఇంటిల్లిపాదీ కలిసి గడిపాం, హాయిగా ఉందన్నవాళ్లూ ఉన్నారు.

వైద్యురాలు: ఉన్నారు. జీతం ఆగని ఇళ్లలో, ఎవరి గది వాళ్లకున్న ఇళ్లలో. ఒక్క గదిలో ఐదుగురున్న వాళ్లని అడగండి.

రిటైర్డ్ ఉద్యోగి: 2021 మేలో తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు పొద్దున 6 నుంచి 10 వరకే బయటికి వదిలారు. ఇంట్లో పెరుగుండగానే మళ్లీ పెరుగు కొనడానికి వెళ్లేవాణ్ని. కొట్టు దగ్గర ఎవరైనా కనిపిస్తారని.

యాంకర్: (గృహిణితో) ఇప్పుడూ మేడ మీదికి వెళ్తున్నారా?

గృహిణి: రోజూ వెళ్తున్నానండీ. బకెట్ మాత్రం తీసుకెళ్లట్లేదు.