తలుపు తెరిస్తే సముద్రం: లాజిక్ అడగడం తప్పా?

(ప్రేక్షకుల వెటకారానికి భయపడి తన సినిమాలో తలుపు తెరిస్తే సముద్రం కనిపించే స్వప్న సన్నివేశాన్ని తీసేశానని ఓ దర్శకుడు చెప్పడంతో రేగిన రగడపై స్టూడియో చర్చ ఇది. ఆ దర్శకుడే చర్చకు వచ్చారు. మాటల మీద మాటలు పడినచోట వినిపించినంతే రాశాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. నలుగురికీ సమాన సమయం ఇస్తామని ముందే మాట ఇస్తున్నాను. దర్శకులు గారూ, సూటిగా అడుగుతాను. జనం సినిమాల్లో లాజిక్ తప్పులు వెతికి వెక్కిరిస్తున్నారంటే, తప్పంతా ఫోనుదేనా?

దర్శకుడు: ఫోను సంగతి తరువాత. ముందు భయం సంగతి చెప్పనివ్వండి. కథ రాసుకునే గదిలో ఇదివరకు ‘తరువాత ఏమవుతుంది?’ అనుకునేవాళ్లం. ఇప్పుడు ‘దీన్ని ఎవరు ఎక్కడ పట్టుకుంటారు?’ అనుకుంటున్నాం. నా నాయిక తలుపు తెరిస్తే సముద్రం కనిపించాలి. అంతే! కానీ ఆ తలుపుకు ఒక శాస్త్రవేత్త కావాలట. శాస్త్రవేత్తకు ఒక ఫ్లాష్‌బ్యాక్, దానికి పది నిమిషాలు. తీరా పెడితే ఆ అడిగినవాళ్లే సాగదీశాడంటారు.

విమర్శకురాలు: శాస్త్రవేత్తను పెట్టమని ఎవరూ—

దర్శకుడు: అడగనక్కర్లేదు మేడమ్! తప్పులు లెక్కపెట్టే వీడియోలు చాలు. 1902లో ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ తన సినిమాలో మనుషులను ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి కంట్లోకి పేల్చాడు. అక్కడ గొడుగు పాతితే పుట్టగొడుగైంది. ఈ రోజు తీస్తే ‘చంద్రుడి మీద గాలి ఎక్కడిది?’ అని మొదటి ఆటకే నవ్వుతారు.

విమర్శకురాలు: గొడుగు పుట్టగొడుగైతే ఇప్పటికీ ఎవరూ అడగరు. ఆ లోకం మొదటి నుంచీ అలాగే ఉంది. మీరు మొదటి గంటంతా వేలిముద్రలు, పోలీసు విచారణ చూపించి, చిక్కుముడి పడగానే సముద్రం తేవాలనుకున్నారు. అది కల్పన కాదు, తప్పించుకోవడం. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పేవాడు, కొన్ని సందేహాలు ప్రేక్షకుడు ఇంటికెళ్లి ఫ్రిజ్ తెరిచాక వస్తాయని. అప్పుడొస్తే నష్టం లేదు. కుర్చీలో ఉండగానే వచ్చిందంటే—

వ్యాఖ్యాత: ఆ ఫ్రిజ్ ఇప్పుడు చేతిలోని ఫోనే కదా! మంచి మాట అన్నారు.

విమర్శకురాలు: నేను ఆ మాట అనలేదు.

ఎడిటర్: ఒక్క నిమిషం. ఈ భయం ఫోనుతో పుట్టలేదు. 1982లో బ్లేడ్ రన్నర్ అనే హాలీవుడ్ సినిమాను విడుదలకు ముందు కొందరికి చూపిస్తే అర్థం కాలేదన్నారు. వెంటనే నాయకుడి గొంతుతో వివరణ పెట్టి, సుఖాంతం అతికించారు. పదేళ్ల తరువాత వచ్చిన కూర్పులో రెండూ తీసేశారు. వివరణ పెట్టించింది వెటకారం కూడా కాదు, డబ్బు పెట్టినవాళ్ల కంగారు.

వ్యాఖ్యాత: 1982లోనా? అప్పటికి ఇంటి ఫోను ఉండేది కదా...

(నవ్వులు)

దర్శకుడు: కంగారు ఎవరికి? చివరికి మాకే! నా గత సినిమాకు రాటెన్ టొమాటోస్‌లో, అదే సమీక్షలను లెక్కగట్టే ఆ వెబ్‌సైటులో, 58 మార్కులు వేశారు. ఆ అంకె చూసి జనం—

విమర్శకురాలు: అవి మార్కులు కావు. వంద సమీక్షల్లో 58 మెచ్చుకున్నాయని అర్థం. అందరూ ‘ఫరవాలేదు’ అన్న సినిమాకు నూరు రావచ్చు. సగంమంది ప్రాణం పెట్టిన సినిమా యాభై దగ్గర ఆగిపోవచ్చు. 60కి తగ్గితే ఎర్ర టమాటా బదులు ఆకుపచ్చ మరక వేస్తారు, అంతే.

ఎడిటర్: అసలు టమాటా ఎందుకు?

విమర్శకురాలు: నచ్చని నటుల మీద విసిరేవారు కదా.

దర్శకుడు: విసిరేవారు! టమాటా విసరాలంటే కనీసం టికెట్టు కొనాలి. ఇప్పుడు సినిమా చూడకుండానే విసురుతున్నారు. నేను మళ్లీ చెబుతున్నాను, భయం—

వ్యాఖ్యాత: రచయిత గారు ఇంతవరకు మాట్లాడలేదు.

రచయిత: భరతముని నాట్యశాస్త్రం లోకధర్మి, నాట్యధర్మి అని ఎప్పుడో విడదీసింది. లోకంలో ఉన్నట్టే చూపిస్తే లోకధర్మి, రంగం కట్టుబాటు ప్రకారం చూపిస్తే నాట్యధర్మి. రంగం మీద పక్కపక్కనే నిలబడి ఒకరు అన్న మాట రెండోవారికి వినబడనట్టు నటిస్తారు. చూసేవాడు ఒప్పుకుంటాడు. అది నాట్యధర్మి. కాబట్టి—

దర్శకుడు: చూశారా! భరతముని నా పక్షమే.

రచయిత: కాదండీ, నేను చెప్పబోయేది ఆ ఒప్పందం చూపించేవాడిదీ, చూసేవాడిదీ, ఇద్దరిదీ అని. దాన్ని నిలబెట్టాల్సింది ముందుగా—

దర్శకుడు: ఇద్దరిదీ అయితే రెండోవాడు ఎందుకు తప్పుకున్నాడు? నేను భయంతో రాస్తున్నాను, అతను పొంచి ఉండి చూస్తున్నాడు. సినిమా ఏమవుతుంది? న్యాయస్థానం అవుతుంది! నా దగ్గర సగం రాసి పక్కన పెట్టిన కథలు మూడున్నాయి. మూడింట్లోనూ ఒక్కో తలుపు ఉంది.

ఎడిటర్: అన్నింట్లోనూ సముద్రమేనా?

దర్శకుడు: మీకూ వెటకారమేనా?

వ్యాఖ్యాత: ఎడిటర్ గారు ఫోను కారణం కాదన్నా, దర్శకులు గారు చెబుతున్నదంతా చివరికి ఫోను దగ్గరకే వస్తోందని నాకనిపిస్తోంది. సమయం అయిపోయింది. మేడమ్, మీ చివరి మాట. ఇరవై సెకన్లు.

విమర్శకురాలు: ప్రశ్న అడిగిన ప్రతివాడూ ద్వేషంతోనే అడుగుతాడని అనుకోవడమే—

దర్శకుడు: ద్వేషం అని నేను అనలేదు, వెటకారం అన్నాను. తేడా చెబుతాను, వినండి—

వ్యాఖ్యాత: చెప్పండి సార్, క్లుప్తంగా. అందులో ఫోను పాత్ర కూడా—

(ముగింపు సంగీతం. దర్శకుడు మాట్లాడుతూనే ఉన్నారు.)