ఫార్మాట్ కొట్టే ముందు: ఇంట్లో లినక్స్ కంప్యూటర్ మొరాయిస్తే

అందరికీ నమస్కారం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను పారేయడానికి మనసొప్పక లినక్స్ మింటో, ఉబుంటువో వేసుకున్నవాళ్లు ఈ హాల్లో ఉండే ఉంటారు. మంచి పని చేశారు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. సిస్టమ్ కొత్తదే గానీ పెట్టె పాతది. ఎనిమిదేళ్ల హార్డ్ డిస్క్, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ మీద వేడిని లాగే పూత), చార్జి అయిపోయిన బోర్డు బ్యాటరీ లోపల అలాగే ఉన్నాయి. అవి దెబ్బతిన్నప్పుడు నింద లినక్స్ మీద పడుతుంది. "ఇది వేశాకే హ్యాంగవుతోంది" అని షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టిస్తారు. పది రోజులకు మళ్లీ అదే హ్యాంగ్. డేటా పోయింది, డబ్బు పోయింది, జబ్బు మాత్రం అలాగే ఉంది.

జబ్బు పెట్టెదా సిస్టమ్‌దా అన్నది తేలకుండా ఫార్మాట్ జోలికి పోవద్దు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ తేల్చుకునే పద్ధతి గురించే.

అందుకు ఒక 8 జీబీ పెన్ డ్రైవ్ చాలు. బాగున్న కంప్యూటర్లో దాని మీద లినక్స్ మింట్ ఇమేజ్ రాసి ఉంచుకోండి. దాన్ని లైవ్ యూఎస్‌బీ అంటాం. మొరాయిస్తున్న కంప్యూటర్‌ను దానితో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ఒకటి రెండు గంటలు వాడండి. ఇప్పుడు మీ డిస్క్‌లో ఉన్న సిస్టమ్ అసలు నడవడం లేదు. అయినా అదే హ్యాంగ్ వస్తే, మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్‌కు దాదాపు సంబంధం లేదు. ర్యామ్, వేడి, కరెంటు, గ్రాఫిక్స్ కార్డు, ఈ నాలుగింట్లో వెతకాలి. లైవ్‌లో చక్కగా నడిస్తే అనుమానం డిస్క్ మీదికో, అందులోని సిస్టమ్ మీదికో పోతుంది. ఇంత చిన్న పరీక్షతో సగం దారులు మూసుకుపోతాయి.

ముందుగా కరెంటు సంగతి. బటన్ నొక్కితే లైటే రాకపోతే అదే సాకెట్‌లో వేరే వస్తువు పెట్టి చూడండి, తర్వాత పవర్ కేబుల్ మార్చండి, ఎస్‌ఎమ్‌పీఎస్ (పెట్టెకు కరెంటు అందించే డబ్బా) వెనక స్విచ్ చూడండి. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చేంత చార్జి ఉండొచ్చు.

క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందని చాలామంది చెబుతారు. సాధారణంగా ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదని దానర్థం. ఎస్‌ఎమ్‌పీఎస్‌లోని ఫిల్టర్ నుంచి చాలా కొద్దిగా కరెంటు ఎర్త్ వైరులోకి పోతూ ఉంటుంది. ఆ వైరు ఎక్కడికీ కలవకపోతే రేకు మీదే నిలుస్తుంది. యూఎస్‌బీ వస్తువులు ఊరికే ఊడిపోయినట్టు కావడం, స్పీకర్లలో గుర్రుమనడం కూడా ఒక్కోసారి ఇందువల్లే. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి ఈ బాధ ఎక్కువవుతుంది. గుంతలో నీళ్లు పోయించండి, మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టడం మానేయండి. తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఇది ప్రాణాలతో పని.

లైటు, ఫ్యాను వచ్చి తెర మాత్రం నల్లగా ఉంటే, బీప్ శబ్దాలు వస్తుంటే, మొదట ర్యామ్ చూడాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి, తేమకు లోహం తొందరగా పాడవుతుంది. ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన చార్జి పోతుంది. క్యాబినెట్ రేకును ఒకసారి తాకి, ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును మెత్తటి పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా దూరంగా దులపండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే ఇంకా మంచిది, తడిగుడ్డ మాత్రం వద్దు. మళ్లీ పెట్టేటప్పుడు క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాలి. ర్యామ్ సరిగా కూర్చోకపోవడం వల్లే చచ్చిందనుకున్న బోర్డులు ఎన్నో.

ర్యామ్‌లో లోపం ఉన్నా కంప్యూటర్ బూట్ అవుతుంది, అదే చిక్కు. ఒకరోజు బ్రౌజర్ మూసుకుపోతుంది, మరోరోజు ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగుతుంది, ఏ రెండు తప్పులూ ఒకేలా ఉండవు. అలాంటప్పుడు మెమ్‌టెస్ట్ 86 ప్లస్ నడపండి. ఆరో వెర్షన్ నుంచి అది యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) కంప్యూటర్లలోనూ పనిచేస్తోంది. రాత్రి పెట్టి పొద్దున చూడండి. ఒక్క ఎర్రర్ వచ్చినా లెక్కే, "ఒక్కటే కదా" అని సరిపెట్టుకోకూడదు. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటి విడిగా పరీక్షించి, తర్వాత స్లాట్ మార్చి చూస్తే తప్పు ర్యామ్‌దో స్లాట్‌దో తెలిసిపోతుంది.

బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032, మూడు వోల్టులు. అది అయిపోతే వచ్చే తిప్పలు ఎంత దూరం పోతాయో ఊహించరు. ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పు కాబట్టి వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అంటుంది. అప్‌డేట్ చేయబోతే రిపోజిటరీ (అప్‌డేట్లు దొరికే సర్వర్) ఫైలు "ఇంకా చెల్లుబాటు కాలేదు" అని ఏపీటీ (లినక్స్‌లో ప్రోగ్రాములు వేసే సాధనం) అంటుంది. చూసేవాళ్లు నెట్ పోయిందనుకుంటారు, లినక్స్ పాడయిందనుకుంటారు. ఇంకో దెబ్బ ఏమిటంటే బయోస్ (బోర్డులో అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికొస్తాయి. యూఈఎఫ్‌ఐ పద్ధతిలో వేసిన సిస్టమ్ ఉన్న పాత బోర్డు లెగసీ మోడ్‌కు, అంటే పాత బూట్ పద్ధతికి మారిపోతే బూట్ డిస్క్ లేదని తెర మీద పడుతుంది. అలాంటప్పుడు ఫార్మాట్ చేసేస్తే అంతకంటే అన్యాయం లేదు. బ్యాటరీ మార్చి, బయోస్‌లో తేదీ, బూట్ మోడ్ సరిచేస్తే చాలు.

తేదీ సరిగ్గా ఉండి గడియారం కచ్చితంగా ఐదున్నర గంటలు తేడా చూపిస్తుంటే బ్యాటరీ తప్పు కాదు. విండోస్, లినక్స్ రెండూ ఉన్న పెట్టెల్లో ఇది మామూలే. బోర్డు గడియారంలో ఉన్నది మన స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని లినక్స్ అనుకుంటుంది. మన సమయానికి, యూటీసీకి తేడా ఐదున్నర గంటలు. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) టైమ్‌డేట్‌సీటీఎల్, ఖాళీ, సెట్ హైఫన్ లోకల్ హైఫన్ ఆర్‌టీసీ, ఖాళీ, 1 అని కొడితే లినక్స్ కూడా స్థానిక సమయానికి వస్తుంది. విండోస్‌లోకి వెళ్లి దాని ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా మూసుకోదు, దాని డ్రైవ్‌లో లినక్స్ నుంచి ఏమీ రాయలేరు.

ఇక వేడి. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎండలు మీకు చెప్పక్కర్లేదు. గదే కాగిపోతుంటే ప్రాసెసర్ చల్లబడటానికి గాలి ఎక్కడిది? ఎల్‌ఎమ్ సెన్సర్స్ ప్యాకేజీ వేసి, సెన్సర్స్ డిటెక్ట్ ఒకసారి నడిపి, తర్వాత సెన్సర్స్ అని కొట్టండి. ఊరికే ఉన్నప్పుడు 40 నుంచి 55 డిగ్రీలుంటే మంచిదే. పని చేస్తూ 85 దాటి అక్కడే నిలిస్తే లోపల శుభ్రం చేయాలి. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే పెట్టె ఠక్కున ఆరిపోతుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ పొడి, రైసు మిల్లుల దగ్గర తవుడు దుమ్ము హీట్ సింక్ (ప్రాసెసర్ మీది లోహపు దిమ్మ) రెక్కల మధ్య గడ్డకట్టి గాలిని ఆపేస్తాయి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో కదలకుండా పట్టుకోండి, వేగంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. హీట్ సింక్ విప్పితే పాత పేస్ట్ పూర్తిగా తుడిచి, కందిగింజంత కొత్తది మధ్యలో పెట్టి బిగించండి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడదు.

డిస్క్ దగ్గర కాసేపు ఆగుతాను. పోతే తిరిగి రానిది అందులోని సరుకే.

డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌మాన్‌టూల్స్ వేసుకుని, సుడో స్మార్ట్‌సీటీఎల్ మైనస్ ఏ, తర్వాత డిస్క్ పేరు కొట్టండి. హార్డ్ డిస్క్ అయితే పెద్ద పట్టిక వస్తుంది. అందులో నాలుగు వరసలు చూస్తే సరిపోతుంది. 5వ నంబరు, చెడిపోయి పక్కకు మార్చిన సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న ముక్కల) లెక్క. 197, చదవలేక అనుమానంలో ఉంచిన సెక్టార్లు. 198, చదవడం కుదరనివి. వీటి చివరి గడిలో సున్నా కాకుండా ఏదైనా ఉండి, వారం వారం పెరుగుతుంటే డిస్క్ పోతోందని అర్థం. నాలుగోది 199, సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే డేటా దారిలో చెడిన లెక్క. ఇది పెరిగితే తప్పు చాలాసార్లు డిస్క్‌ది కాదు, దాన్ని బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. చిన్న కేబుల్‌తో పోయేదానికి కొత్త డిస్క్ కొనేస్తుంటారు. కేబుల్ మార్చాక ఆ అంకె సున్నాకు రాదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

డిస్క్ పోతోందని తేలితే దాన్ని బాగుచేయడానికి ప్రయత్నించకండి. ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తప్పులు సరిదిద్దే ప్రోగ్రాం) నడిపితే అది డిస్క్‌ను గాలించి రాస్తుంది, ఆ శ్రమకే మిగిలిన ప్రాణం పోవచ్చు. ముందు లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, అంతే సైజు లేదా పెద్దదైన మరో డిస్క్‌లోకి డీడీరెస్క్యూతో నకలు తీయండి. బాగున్న భాగాలను ముందు చదివి, మొండికేసే వాటిని చివరికి ఉంచడం దాని పద్ధతి. మ్యాప్ ఫైలు పేరు తప్పకుండా ఇవ్వండి, ఆ ఫైలు లైవ్ సిస్టమ్‌లో కాక వేరే పెన్ డ్రైవ్‌లో ఉంటే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి కొనసాగుతుంది. రిపేరు ఏదైనా ఆ నకలు మీదే చేయాలి.

డిస్క్ ఆరోగ్యంగానే ఉండి, కరెంటు హఠాత్తుగా పోవడం వల్ల ఫైల్ సిస్టమ్ చెదిరితే ఎఫ్‌ఎస్‌సీకేనే మందు. బూట్ మధ్యలో ఆగి, బ్రాకెట్లలో ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అని నల్ల తెర వస్తుంది. దాని పైన ఏ పార్టిషన్‌లో (డిస్క్‌లోని భాగంలో) తప్పుందో సాధారణంగా రాసి ఉంటుంది. ఎఫ్‌ఎస్‌సీకే మైనస్ వై, ఆ పార్టిషన్ పేరు కొట్టి, అయ్యాక రీబూట్ అంటే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. నడుస్తున్న సిస్టమ్‌లో, మౌంట్ అయి (వాడకంలో) ఉన్న పార్టిషన్ మీద మాత్రం ఎఫ్‌ఎస్‌సీకే ఎన్నడూ నడపొద్దు.

మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు ఎంత తడిసిందో చూశాం. అలాంటి రోజుల్లో డెస్క్‌టాప్‌కు 600 వీఏ యూపీఎస్ అయినా ఉండాలి. అందులోని 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు మూడేళ్లకు అయిపోతుంది, ఏడాదికోసారి ప్లగ్ తీసి నిజంగా నిలబడుతుందో లేదో పరీక్షించండి. ఉరుములు మొదలైతే కంప్యూటర్ ప్లగ్‌తో పాటు లాన్ కేబుల్ కూడా పీకేయండి. ఫైబర్ నెట్ కదా అని ధీమా వద్దు, రూటర్ అడాప్టర్ ఉన్నది కరెంటు మీదే, లాన్ కేబుల్ రాగిదే.

లైవ్‌లో బాగుండి మామూలుగా చెడుతుంటే సిస్టమ్ రాసుకున్న లాగ్ చదవాలి. జర్నల్‌సీటీఎల్, ఖాళీ, మైనస్ బి, ఖాళీ, మైనస్ 1, ఖాళీ, మైనస్ ఇ. కిందటిసారి బూట్ చివర్లో ఏం జరిగిందో చూపిస్తుంది. ఐ/ఓ (చదవడం, రాయడం) ఎర్రర్ ఉంటే డిస్క్ లేదా కేబుల్. ఔట్ ఆఫ్ మెమరీ ఉంటే ర్యామ్ చాలలేదు. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పేరుతో హ్యాంగ్ ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్. అసలేమీ లేకుండా మామూలు మాటల మధ్యలో లాగ్ తెగిపోతే, వేడి, కరెంటు, ర్యామ్ వైపు తిరగండి. రాసుకునే తీరిక కూడా దొరకలేదన్నమాట.

4 జీబీ పెట్టెలో ఇరవై ట్యాబులు తెరిస్తే మౌస్ కదలదు, డిస్క్ లైటు ఆరదు. పవర్ బటన్ నొక్కేయకండి. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ రెండూ పట్టుకుని ఎస్, యు, బి ఒకదాని వెంట ఒకటి, మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగి నొక్కండి. ఎస్ డేటాను డిస్క్‌లో రాస్తుంది, యు డిస్క్‌ను రాయడానికి వీల్లేకుండా చేస్తుంది, బి రీబూట్ చేస్తుంది. ఇంత మేలు చేసే కిటుకు తెలిసినవాళ్లు తక్కువ.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే వస్తుంటే చాలాసార్లు డిస్క్ నిండిపోయి ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల తెరలో లాగినై, డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టండి. వంద శాతం కనిపిస్తే సుడో ఏపీటీ క్లీన్, తర్వాత పాత కెర్నళ్లు (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం పాత వెర్షన్లు) పోవడానికి సుడో ఏపీటీ ఆటోరిమూవ్. చోటు ఉన్నా రాకపోతే మీ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ (అడ్మిన్) పేరు మీదికి మారిందేమో చూడండి. దాని పేరు మార్చేస్తే లాగిన్ అయినప్పుడు కొత్తది పుడుతుంది.

అప్‌డేట్ తర్వాత తెర నల్లబడితే, బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ కొట్టి లేదా షిఫ్ట్ పట్టుకుని గ్రబ్ మెనూ (ఏది బూట్ చేయాలో ఎంచుకునే తెర) తెప్పించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకోండి. అది నడిస్తే మీ పని ఆగదు, కారణం నిదానంగా వెతుక్కోవచ్చు. ఎన్‌విడియా కార్డుంటే అదే మెనూలో కీబోర్డు మీది ఇంగ్లిష్ ఇ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరస చివర నోమోడ్‌సెట్ చేర్చి, ఎఫ్10. ఇది ఆ ఒక్క బూట్‌కే.

వైఫై రాకపోతే ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ కె కొట్టి, కార్డు కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" వరస ఉందా చూడండి. లేకపోతే డ్రైవరో ఫర్మ్‌వేరో (వస్తువు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) లేదు. నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించాలి? ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని వెంటనే గుర్తిస్తుంది. కొన్ని రియల్‌టెక్ డాంగిళ్లు మొదట విండోస్ డ్రైవర్ ఉన్న సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీని ఎజెక్ట్ చేసి చూడండి, చాలావాటిలో అసలు వైఫై అప్పుడు బయటికొస్తుంది.

ప్రింటర్ల గురించి ఒక్క మాట. మన దగ్గర ఇంకా తిరుగుతున్న హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్ పంపాలి. లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లను నడిపే హెచ్‌పీలిప్‌తో పాటు హెచ్‌పీ ప్లగిన్ కూడా వేస్తేనే అది కదులుతుంది. హెచ్‌పీలిప్ అప్‌డేట్ అయినప్పుడల్లా ప్లగిన్ కూడా అదే వెర్షన్‌కు మార్చాలి.

ఇంతా చేసి తేలకపోతే ఎవరినైనా అడగండి. "పనిచేయట్లేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఇన్‌ఎక్స్‌ఐ మైనస్ ఎఫ్ జెడ్ అని కొట్టండి, ఎఫ్ పెద్దక్షరం, జెడ్ చిన్నక్షరం. బోర్డు, ప్రాసెసర్, డిస్కులు, డ్రైవర్లు అన్నీ ఒకేచోట వస్తాయి. జెడ్ ఉంటే ఐపీ, మ్యాక్ అడ్రసులు, సీరియల్ నంబర్లు దాచిపెడుతుంది. దానికి ఏ దశలో ఆగిందో, తెర మీద వచ్చిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా, చెడిపోయే ముందు మీరు చివరిగా మార్చింది ఏమిటో కలిపి రాయండి. తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టినా సరే.