బీటిల్ జర్క్ కొడుతోందా? కార్బరేటర్ జోలికి పోకముందు ఇది చూడండి | పాత, కొత్త డిస్ట్రిబ్యూటర్ల రివ్యూ

నమస్తే అండీ. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నా. వెనక మూత ఎత్తి కనపడుతున్న ఈ బండి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, డెబ్బైల నాటి మోడల్, 1600 సీసీ ఇంజన్. రేడియేటర్ లేదు, నీళ్లు పోసే పని లేదు. ఆ ఫ్యాన్ కొట్టే గాలికే చల్లబడాలి. ఓనరు కాజీపేటలో ఉండే మా దోస్తు. ఆయన చెప్పింది ఒక్కటే మాట: "అన్నా, ఎక్సలేటర్ తొక్కితే బండి గుంజుతలేదు, జర్కులు కొడుతున్నది." ఐడిల్‌లో మాత్రం బుద్ధిగా ఆడుతోంది.

నా దగ్గరికి రాకముందే పెట్రోలు, గాలి కలిపే కార్బరేటర్ కడిగించారు, అందులో పెట్రోలు పోయే సన్న రంధ్రాల జెట్లు మార్పించారు. ఏమీ తేడా రాలేదు. బండి మిస్ అయిందంటే చాలు, స్క్రూడ్రైవర్ ముందు కార్బరేటర్ మీదకే పోతుంది మన దగ్గర. నాకు అది నచ్చదు. స్పార్క్ సంగతి తేలకుండా పెట్రోలు సంగతి ముట్టుకోను.

ముందు నడిపి చూశా. మీరూ అదే చేయండి. జర్క్ ఎప్పుడు వస్తోందో పట్టుకుంటే సగం పని అయినట్టే. ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు మాత్రమే బండి మొత్తం గడగడలాడితే అది ఇంజన్ తప్పు కాకపోవచ్చు, క్లచ్ వైపు చూడాలి. బీటిల్‌లో క్లచ్ కేబుల్ వెనక చివర ఒక వంపు తిరిగిన గొట్టం గుండా పోతుంది, బౌడెన్ ట్యూబ్ అంటారు. ఆ వంపు తగ్గిపోతే క్లచ్ సాఫీగా పట్టదు. వాషర్లు వేసి వంపు సరిచేస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. గేర్‌బాక్స్ రబ్బర్లు కూడా చూడండి.

ఈ బండికి ఆ బాధ లేదు. కాజీపేట బ్రిడ్జి ఎక్కుతూ థర్డ్ గేర్‌లో కాలు నొక్కితే ఒక్క క్షణం ఏమీ లేనట్టు ఆగి, తర్వాత తన్నినట్టు ముందుకు పోతోంది. మూత తీసి చూస్తే 009 నంబరు డిస్ట్రిబ్యూటర్ కనపడింది. డిస్ట్రిబ్యూటర్ అంటే స్పార్క్ ప్లగ్గులకు సరైన క్షణంలో కరెంటు పంచే భాగం. కార్బరేటరేమో 34 పిక్ట్-3 మోడల్. ఈ రెండింటికీ పొత్తు కుదరదు.

ఎందుకో చెప్తా. ఎక్సలేటర్ ఒక్కసారిగా తెరిస్తే గాలి ముందు దూసుకొస్తుంది, పెట్రోలు వెనకపడుతుంది. ఆ క్షణంలో స్పార్క్ కొంచెం ముందుగా పడితే ఇంజన్ తట్టుకుంటుంది. వ్యాక్యూమ్ డిస్ట్రిబ్యూటర్ అయితే కార్బరేటర్ నుంచి వచ్చే సన్న పైపు ద్వారా ఆ కబురు వెంటనే అందుకుని టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, ముందుకు జరుపుతుంది. 009లో ఆ పైపే ఉండదు. లోపలి బరువులు తిరిగి తిరిగి విచ్చుకుంటేనే టైమింగ్ కదులుతుంది. అంటే స్పీడు పెరిగితే గానీ అది సాయం చేయదు, అది సాయం చేస్తే గానీ స్పీడు పెరగదు! కొత్తగా మెరుస్తుంది, చవకగా వస్తుంది, పైగా రేసింగ్ పార్ట్ అని అమ్ముతారు. మన రోడ్డు మీద, ఈ కార్బరేటర్‌తో మాత్రం నేను రికమెండ్ చేయను.

మరి ఒరిజినల్ ఏమైందని అడిగితే, ముందున్న డిక్కీలో పాత గుడ్డలో చుట్టి పెట్టి ఉంది. అవును, ఈ బండికి డిక్కీ ముందే. మిస్సింగ్ వస్తోందని దాన్ని పీకి 009 బిగించారట. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఇది వ్యాక్యూమ్ డబ్బా. దీని పైపును నోటితో పీలుస్తున్నా... లోపల ప్లేటు కదిలింది చూశారా? నాలుకతో పైపు మూసి ఉంచితే అక్కడే నిలబడింది. అంటే లోపలి పల్చటి పొర, డయాఫ్రం, మంచిదే. ప్లేటు వెనక్కి జారితే అది చిరిగినట్టు.

ఇప్పుడు అసలు దొంగ. పాయింట్లకు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే స్విచ్చుకు, వెళ్లే ఈ సన్న వైరు. పైన తొడుగు బాగానే ఉంది. పాయింట్లు పూర్తిగా మూసుకున్న చోట ఉంచి మీటర్ పెట్టా, బీప్ వస్తోంది. పైపు పీలుస్తున్నా... బీప్ పోయింది. లోపల తీగ తెగి ఉంది. ప్లేటు కదలనంత సేపు చివర్లు తాకుతూ ఉంటాయి, అందుకే ఐడిల్ బాగుంటుంది. కాలు నొక్కగానే ప్లేటు జరిగి తీగ విడిపోతుంది. ఈ పిసరంత వైరు కోసం డిస్ట్రిబ్యూటరే మార్చేశారు.

ఈ పాత డిస్ట్రిబ్యూటర్‌కే వైరుతో పాటు కొత్త పాయింట్లు, అవి కాలకుండా కాపాడే కండెన్సర్ వేసి, 009 తీసి దీన్నే తిరిగి బిగించాం. పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. వాల్వ్ గ్యాప్ 0.15, అదీ రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజన్‌కే చూడాలి. టైమింగ్ లైటుతో, వ్యాక్యూమ్ పైపు తీసి మూసి, 3,500 ఆర్‌పీఎం దగ్గర 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంచండి. బండి చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మిస్ అయితే కండెన్సర్‌ను అనుమానించండి.

ఆ పెద్ద జర్క్ పోయింది. చిన్న తడబాటు మిగిలింది. అప్పుడు చేయి పెట్టా కార్బరేటర్ మీద. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, గొంతులోకి చూస్తూ ఎక్సలేటర్ లీవర్ కదిపితే పెట్రోలు సన్నని ధారగా వెంటనే చిమ్మాలి. దీనిలో ముందు గాలి, తర్వాత రెండు చుక్కలు. కార్బరేటర్‌లో పెట్రోలు చిమ్మే పంపు డయాఫ్రం గట్టిపడింది. మార్చాం. ఇన్‌టేక్ గొట్టాల మధ్య రబ్బర్లు కూడా ఒకసారి వేలితో నొక్కి చూడండి, పగిలితే గాలి లీకై ఇదే జబ్బు వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు పైపులకు అది పడదు. ఈ ఇంజన్ కేసు మెగ్నీషియం కలిసిన లోహం, అంటుకుంటే నీళ్లతో ఆరదు. పైపులన్నీ మార్చి క్లిప్పులు బిగించండి. ప్లాస్టిక్ పెట్రోలు ఫిల్టర్ ఇంజన్ మీద వేలాడదీయకండి. వరంగల్ మే నెల ఎండలో ఇంజన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు లేకపోతే కింది వేడి గాలినే ఫ్యాన్ మళ్లీ పీలుస్తుంది. పైపులో పెట్రోలు ఆవిరై ఆగిపోవడం కూడా అప్పుడే మొదలవుతుంది.

మడికొండ దాటి హైదరాబాద్ రోడ్డు మీద నడిపాం. థర్డ్‌లో పూర్తిగా తొక్కినా సాఫీగా గుంజుతోంది. 009 ఇప్పుడు డిక్కీలోకి పోయింది, రోడ్డు మీద ఇరుక్కుంటే స్పేర్‌గా పనికొస్తుంది. పాత వ్యాక్యూమ్ డిస్ట్రిబ్యూటర్ కొనేవాళ్లు షాఫ్ట్ పట్టుకుని పక్కలకు ఊపి చూడండి, ఆడితే ఊరికే ఇచ్చినా వద్దు. మీ బండి జర్క్ కొడుతుంటే ఏ గేర్‌లో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా, డిస్ట్రిబ్యూటర్ మీద ఏ నంబరు ఉందో కింద రాయండి. అవి లేకుండా 'జర్క్ వస్తోంది అన్నా' అని మాత్రమే రాస్తే నేనూ ఏం చెప్పలేను.