ఒక మీటరు చట్రంలో ఎన్ని మొక్కలు? ఇల్లినాయ్ ప్రెయిరీలో పిల్లల సర్వే

[తెర మీద: తెల్ల పైపులతో చేసిన చదరపు చట్రం. ఇద్దరు పిల్లలు చెరో పక్క పట్టుకుని, తమ తలల కంటే ఎత్తున్న గడ్డిలోకి దూరుతున్నారు.]

ఈ చట్రం చూశారా? ప్లంబింగ్‌కి వాడే పీవీసీ పైపు ముక్కలు నాలుగు, మూలల్లో నాలుగు ఎల్బోలు. లోపల మీటరు పొడవు, మీటరు వెడల్పు. దీన్ని క్వాడ్రాట్ అంటారు. సెప్టెంబరు మొదటి వారంలో మా అమ్మాయి క్లాసు పిల్లలు ఇలాంటివి అరడజను మోసుకుని ప్రెయిరీకి వెళ్లారు. తోడుగా పెద్దవాళ్లెవరైనా రావాలంటే నేను వెళ్లాను. నా పనల్లా నీళ్ల సీసాలు అందించడం, ఎవరూ గడ్డిలో తప్పిపోకుండా చూడటం.

వెళ్లేటప్పుడు నా లెక్క సులువుగా ఉంది. ఇక్కడి మొక్క మంచిది, బయటి నుంచి వచ్చింది చెడ్డది, ఏది ఏదో రాసుకొస్తే సర్వే అయిపోయినట్టే. భోజనాల వేళకి అందులో ఒక్క ముక్కా మిగల్లేదు. ఎందుకో చెప్తాను.

[తెర మీద: అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం మ్యాపు. ముందు మొత్తం ఆకుపచ్చ, తర్వాత కంటికి ఆనని చుక్కలు.]

ముందు ప్రెయిరీ అంటే ఏమిటో. అడవి కాదు, బీడు కాదు. చెట్లు దాదాపు లేకుండా గడ్డీ, పూలమొక్కలూ కలిసి పెరిగే మైదానం. ఇల్లినాయ్‌కి ప్రెయిరీ స్టేట్ అనే పేరుంది. ఒకప్పుడు ఇక్కడ సుమారు 2.2 కోట్ల ఎకరాల ప్రెయిరీ ఉండేది. దెబ్బతినకుండా మిగిలింది ఇప్పుడు దాదాపు 2,500 ఎకరాలు. అంటే దాదాపు తొమ్మిది వేల ఎకరాలకి ఒక ఎకరం మిగిలినట్టు.

మిగతాదంతా ఏమైంది? పొలమైంది. ఇక్కడి నేల నల్లగా, జిగురుగా ఉంటుంది. మన నల్లరేగడిలో వర్షం తర్వాత నడిచినవాళ్లకి చెప్పక్కర్లేదు. పాత నాగళ్లకి ఈ మట్టి అంటుకుపోయేది, నాలుగడుగులకోసారి ఆపి గీకాల్సి వచ్చేది. 1837లో ఇదే రాష్ట్రంలో, గ్రాండ్ డీటూర్ అనే ఊళ్లో, జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు నాగలి తయారుచేశాడు. దానికి మట్టి అంటుకోలేదు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే ప్రెయిరీ మొక్కజొన్న చేలైపోయింది.

నాగలి దిగని చోట్ల మాత్రం కాస్త బతికింది. ఎక్కడెక్కడ? రైలు పట్టాల పక్కన, మొదట వచ్చిన రైతుల పాత శ్మశానాల్లో. సమాధుల మధ్య ఎవరూ దున్నరు కదా! రాబర్ట్ బెట్జ్ అనే జీవశాస్త్ర ప్రొఫెసర్ అలాంటి శ్మశానాలు వెతుక్కుంటూ తిరిగాడు. 1975లో ఆయన నేతృత్వంలోనే ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర పరిశోధనశాల ఆవరణలో ప్రెయిరీ విత్తనాలు చల్లారు. అరోరా బాలాజీ గుడికి వెళ్లే తెలుగువాళ్లకి ఫెర్మీల్యాబ్ తెలిసే ఉంటుంది, పిల్లలకి అడవిదున్నల్లాంటి బైసన్లని చూపించడానికైనా వెళ్లుంటారు. అక్కడ పరమాణువుల కంటే చిన్న కణాల్ని మహా వేగంగా తిప్పే యాక్సిలరేటర్ 2011 దాకా నడిచింది, దాదాపు నాలుగు మైళ్ల చుట్టుకొలతతో గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రం మధ్యలో ఖాళీగా ఉన్న నేలలోనే మొదట విత్తారు.

మేం వెళ్లింది అక్కడికి కాదు, అలాగే విత్తి పెంచిన ఇంకో చోటికి. ఇది ముఖ్యం. విత్తి పెంచిన ప్రెయిరీ దానంతటదే ప్రెయిరీగా ఉండిపోదు. ఏడాదేడాదికీ ఎటు పోతోందో చూసుకోవాలి. సర్వే అందుకే.

[తెర మీద: గడ్డిలో తిన్నగా పరిచిన 30 మీటర్ల టేపు. ఒక పాప డబ్బాలోంచి చీటీ తీస్తోంది.]

చట్రం ఎక్కడ పెట్టాలి? పిల్లల్ని వాళ్లిష్టానికి వదిలేస్తే అందరూ పూల దగ్గరే పెడతారు. మేమూ అదే చేసేవాళ్లం. అందుకే టేపు పరిచి, చీటీ తీసి, ఏ నంబరు వస్తే ఆ మీటరు దగ్గరే పెట్టాలి. మా వాళ్లకి మొదటి చీటీ 17. అక్కడ పూలూ లేవు, పుట్టా లేదు, ఉత్త గడ్డి. ఒకబ్బాయి మొహం చిన్నబుచ్చుకుని, "ఇంకో చీటీ తీద్దామా?" అన్నాడు. కుదరదు! బోసిగా ఉన్న మీటరు కూడా లెక్కలోకి రావాలి.

తర్వాత ఇంకో తంటా. ఏడడుగుల గడ్డి మీద నుంచి చట్రం కిందికి ఎలా దిగుతుంది? దిగదు. ఒక పక్క పైపు ఊడదీసి, మూడు పక్కల చట్రాన్ని నేలబారుగా గడ్డి మొదళ్లలోకి తోసి, ఆ నాలుగో పైపు మళ్లీ తగిలించాలి. పిల్లలకి ఈ ఊడదీసి తగిలించే పనే అన్నిటికంటే నచ్చింది.

ఇప్పుడు లోపల ఏ మొక్క ఎంత మేర కప్పిందో అంచనా వేయాలి. మొక్కల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు, గడ్డిని అలా లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. ఒక చిట్కా ఉంది: మీటరు చట్రంలో పది సెంటీమీటర్ల చదరం సరిగ్గా ఒక శాతం. వేళ్లు వదిలేస్తే మన అరచెయ్యి ఇంచుమించు అంతే. అరచేతులతో లెక్కేసుకోవడమే. ఖచ్చితమైన అంకె కూడా అడగరు, ఆరు తరగతులుంటాయి. 5 శాతం లోపు అయితే ఒకటి, 25 దాకా రెండు, 50 దాకా మూడు, 75 దాకా నాలుగు, 95 దాకా అయిదు, ఆపైన ఆరు. డాబెన్‌మైర్ అనే వృక్షశాస్త్రవేత్త 1959లో ప్రచురించిన పద్ధతి ఇది. అన్నీ కూడితే వంద దాటిపోయిందని మా అమ్మాయి కంగారుపడింది. దాటుతుంది. ఎత్తు గడ్డి కింద పొట్టి మొక్క, దాని కింద పాకే తీగ. ఎవరి నీడ వాళ్లదే.

[తెర మీద: మూడు వేళ్లలా చీలిన గడ్డి కంకి, దగ్గరగా.]

ఇక గుర్తుపట్టడం. ఈ కంకి చూడండి, కోడి కాలిలా మూడు పాయలు. బిగ్ బ్లూస్టెమ్. ఇల్లినాయ్ రాష్ట్ర గడ్డి ఇదే. మన జొన్న, చెరకు, వట్టివేరు అన్నీ దీనికి దగ్గరి చుట్టాలే. కాడ ముదిరాక రంగు చూస్తే జొన్నకాడ గుర్తొస్తుంది. దీని వేళ్లు తొమ్మిది, పదడుగుల లోతు దిగుతాయి.

పక్కన పెద్ద చీలికల ఆకులున్నది కంపాస్ ప్లాంట్. ఆకులు నిలువుగా నిలబడి అంచులు ఉత్తరానికీ దక్షిణానికీ తిప్పుకుంటాయి, అందుకే ఆ పేరు. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆకు మొహాన పడకుండా దాని ఉపాయం అది.

పరాయి మొక్కల దగ్గరికొస్తే పేర్లే మోసం చేస్తాయి. కెంటకీ బ్లూగ్రాస్ కెంటకీది కాదు, యూరప్ నుంచి వచ్చింది. కెనడా థిసిల్ కెనడాది కాదు, అదీ అటునుంచే. గొడుగులా తెల్లపూలు పూసే క్వీన్ ఆన్స్ లేస్ ఏమిటనుకున్నారు? అడవి క్యారెట్! ఆకు నలిపితే క్యారెట్ వాసనే. రోడ్డు పక్కన నీలం పూలతో కనిపించేది చికోరీ, మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీయే. ఇన్నేళ్లు దాని డికాక్షన్ తాగి, మొక్కని మొదటిసారి అక్కడ చూశాను.

ఫోనులో యాప్‌తో ఫొటో తీస్తే చెప్పేస్తుందిగా అంటారు. పూలున్నవాటికి బాగానే చెప్తుంది. పూత లేని గడ్డిపోచ చూపిస్తే అదీ మనలాగే తడబడుతుంది. అప్పుడు కాగితం మీద "తెలియని మొక్క 1" అని రాసి, ఫొటో తీసి, పక్కన పెట్టాలి. ఊహించి పేరు రాస్తే తప్పు, తెలియదని రాస్తే తప్పు కాదు. పరీక్షలకి అలవాటుపడ్డ పిల్లలకి ఇది మింగుడుపడటానికి టైమ్ పట్టింది.

ఒక జాగ్రత్త. మూడేసి ఆకులతో ఉండే పాయిజన్ ఐవీ తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. అది అచ్చంగా ఇక్కడి మొక్కే. వైల్డ్ పార్స్‌నిప్ బయటిది, దాని రసం చర్మానికి అంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. కాబట్టి ఫుల్ ప్యాంటు వేసుకోండి, సాక్సులు ప్యాంటు మీదికి లాగండి. పేలలాంటి టిక్‌లు కూడా ఉంటాయి, ఇంటికెళ్లాక వెతుక్కోవాలి.

[తెర మీద: తెల్లటి, కాలీఫ్లవర్ ముక్కల్లాంటి పూలగుత్తి.]

నా లెక్క తప్పిందన్నాను కదా. ఇదిగో ఇక్కడే. మా అమ్మాయి ఈ ఫొటోని గుంటూరు పక్క పల్లెలో ఉన్న వాళ్ల అమ్మమ్మకి పంపింది. నిమిషంలో ఫోను.

"ఇదేందే, వయ్యారిభామకి ఫొటో తీశారు? దురదలొస్తాయి! పీకి పారెయ్యమని చెప్పు మీ మేష్టార్లకి!"

అమ్మమ్మ మరీ తప్పేం కాదు. ఈ మొక్క పేరు వైల్డ్ క్వినైన్. శాస్త్రీయ నామం పార్థీనియం ఇంటెగ్రిఫోలియం. మన వయ్యారిభామ పార్థీనియం హిస్టెరోఫోరస్. అక్కాచెల్లెళ్లన్నమాట. పువ్వు ఒకేలా ఉంటుంది, ఆకు వేరు: వయ్యారిభామది క్యారెట్ ఆకులా సన్నగా చీలి ఉంటే, దీనిది వెడల్పుగా, గరుకుగా, రంపపు అంచుతో ఉంటుంది. ఇక్కడివాళ్లు దీన్ని పీకరు. ఇది కనిపిస్తే ప్రెయిరీ బాగుందని సంతోషిస్తారు.

వయ్యారిభామ పుట్టిందీ అమెరికా ఖండాల్లోనే, కాకపోతే వెచ్చటి ప్రాంతాల్లో. 1950లలో పుణె దగ్గర కంటపడ్డాక మన దేశమంతా పాకింది. పుట్టినచోట దాన్ని తినే పురుగులున్నాయి, తెగుళ్లున్నాయి, పోటీకి మొక్కలున్నాయి. మన దగ్గరికి అది ఒక్కతే వచ్చింది. మెక్సికో నుంచి ఆ ఆకులు తినే పెంకుపురుగుని తెచ్చి 1980లలో మన దేశంలో వదిలారు కూడా.

ఇంకో మెలిక. గోల్డెన్‌రాడ్ అని పసుపు పూల మొక్క, ఇక్కడిదే. కానీ విత్తి పెంచిన ప్రెయిరీలో ఛాన్సిస్తే మిగతావాటిని తొక్కేసి తనే ఆక్రమిస్తుంది. యూరప్, చైనాలకి వెళ్లి అక్కడా అదే పని చేస్తోంది. మరి దారి పక్కన ఒకటీ అరా ఉండే డాండెలియన్? బయటిదే, కానీ మంచి ప్రెయిరీలో దాని ఆటలు సాగవు. ఏది ఎక్కడిదన్న ఒక్క ప్రశ్నతో పని జరగదు, అది ఇక్కడ ఏం చేస్తోందని కూడా అడగాలి.

[తెర మీద: నల్లబోర్డు, చాక్‌పీసు లెక్క.]

ఆ రెండో ప్రశ్నకి చికాగో వృక్షశాస్త్రవేత్తలు ఫ్లాయిడ్ స్వింక్, జెరోల్డ్ విల్‌హెల్మ్ 1970లలో ఒక పద్ధతి కనిపెట్టారు. ప్రతి స్థానిక మొక్కకీ 0 నుంచి 10 దాకా మార్కు. ఎక్కడ పడితే అక్కడ, చెత్తకుప్ప మీదైనా బతికేదానికి సున్నా దగ్గర. చెక్కుచెదరని నేల తప్ప ఇంకెక్కడా బతకనిదానికి పది. స్థానిక మొక్కల సగటు మార్కుని, ఎన్ని రకాలున్నాయో ఆ సంఖ్య వర్గమూలంతో గుణించాలి.

ఉదాహరణకి ఒక చోట 25 రకాలున్నాయి, సగటు మార్కు 2. అయిదు రెళ్లు పది. ఇంకోచోట 16 రకాలే, సగటు 4. నాలుగు నాళ్లు పదహారు. రకాలు తక్కువున్న రెండోదే మేలైన నేల. బయటి మొక్కలకి సున్నా వేసి ఇదే లెక్క మళ్లీ చేస్తే, అవి ఎంత లాగేశాయో ఆ తేడాలో తెలుస్తుంది.

దీనితో చేసేదేమిటి? ముఖ్యంగా నిప్పు ఎప్పుడు పెట్టాలో తేల్చుకోవడం. అవును, ప్రెయిరీని కావాలనే తగలబెడతారు, శిక్షణ ఉన్నవాళ్లు, గాలి చూసుకుని. యూరప్ గడ్డి చల్లదనంలోనే, మార్చి ఏప్రిల్లలోనే పచ్చబడుతుంది. బ్లూస్టెమ్ లాంటివి నేల వేడెక్కే మే నెల దాకా పడుకునే ఉంటాయి. ఏప్రిల్ చివర్లో తగలబెడితే లేచినవి కాలతాయి, పడుకున్నవి బతుకుతాయి. బయటి నుంచే వచ్చిన స్వీట్ క్లోవర్ అనే మొక్క దగ్గర మాత్రం ఈ ఎత్తు బెడిసికొడుతుంది. దాని విత్తనం పెంకు గట్టిది, ముప్పై ఏళ్లు కూడా మట్టిలో ఆగగలదు. మంట తగిలితే పెంకు పగిలి ఒక్కసారిగా మొలుస్తాయి. అందుకని మరుసటి ఏడాది, ఈసారి మేలో, మళ్లీ కాలుస్తారు. అది రెండేళ్ల మొక్క, రెండో ఏడు పూత రాకముందే పోవాలి. అందుకే పిల్లల కాగితంలో స్వీట్ క్లోవర్‌కి రెండు గడులున్నాయి: మొదటి ఏడుది, రెండో ఏడుది.

ఆ రోజు ఒకే చట్రాన్ని రెండు గ్రూపులు విడివిడిగా కొలిచాయి. ఒకరు బ్లూస్టెమ్‌కి మూడు వేశారు, ఇంకొకరు నాలుగు. పోట్లాట. టీచరు ఇద్దరి అంకెలూ రాసుకున్నారు, ఎవరిదీ కొట్టేయలేదు. కొలిచేవాళ్లు మారితే ఎంత తేడా వస్తుందో తెలియడం కూడా కావాలట.

[తెర మీద: వాట్సాప్ వీడియో కాల్. పొలం గట్టు మీద నాలుగు పుల్లలు, చుట్టూ పురికొస.]

ఆదివారం మా అమ్మాయి పట్టుబట్టి వాళ్ల తాతయ్యతో గట్టు మీద ఈ చదరం కట్టించింది. మీటరు కొలవడానికి టేపు లేదు, ఆయన తన చేతికర్రతో కొలిచారు. గరిక ఉంది, అది అమెరికాకి వలసొచ్చి ఇక్కడ బెర్ముడా గ్రాస్ పేరుతో తిరుగుతోంది. తుంగ ఉంది. మిగతాది కెమెరాలో తెల్లగా మెరుస్తోంది.

"ఎంత శాతం ఉంటుంది అమ్మమ్మా?"

"శాతమేందే, అంతా అదే!"

అమ్మాయి కాసేపు ఆలోచించి కాగితం మీద రాసింది: వయ్యారిభామ, 5. ఆరు వేద్దామనుకుందట. గరిక మీద జాలిపడి తగ్గించిందేమో అనుకున్నాను. కాదట, ఫోను తిప్పమని అరచేతులతో లెక్కపెట్టిందట.