మీల్‌వార్మ్ డబ్బా రివ్యూ: కదిలే పిండి కనిపిస్తే కప్పకు పెట్టొచ్చా?

నమస్తే అన్నలూ, అక్కలూ. టేబుల్ మీదున్నది మూత డబ్బాలో, పొట్టుల వేసి అమ్మే మీల్‌వార్మ్స్, అంటే మేత పురుగులు. ప్యాక్‌మన్ కప్పలకు, అంటే పెద్ద నోరుండే పెంపుడు కప్పలకు పెట్టేటివి. పురుగులు బాగున్నయి, పసుపుపచ్చగా ఉన్నయి, చురుకుగా పాకుతున్నయి. వాటికి పూర్తి మార్కులు. డబ్బాకు మాత్రం సగమే.

టార్చ్ పక్క నుంచి కొడుతున్న, మూత లోపలి అంచు చూడుండ్రి. గోధుమపిండి అంటినట్టు సన్నటి పొర. వేలుతో గీత గీసిన. కాసేపటికి ఆ గీత మళ్ల పూడుకపోతది. పిండైతే కదలదు కదా, ఇవి నల్లులు. మంచంల నల్లులు కావు, పిండిల పట్టే సన్నటి మైట్స్. మన బత్తాయి తోటల్ల కాయకు మంగు తెచ్చేది కూడ నల్లే గాని, ఆ జాతి వేరు. ఇవి తవుడు, బూజు తిని బతుకుతయి. చిటికెడు నలిపి వాసన చూస్తే పుదీనా లెక్క వస్తది. చేతులు సబ్బుతోని కడుక్కోవాలె, కొందరికి ఈ దుమ్ముతోని దురద, తుమ్ములు వస్తయి.

దుంకుతున్నయంటే అవి నల్లులు కావు, స్ప్రింగ్‌టెయిల్స్ అనే వేరే సన్నటి పురుగులు. పిల్ల కప్పలకు మంచి మేత, పారేయకుండ్రి.

నల్లి కప్పను కుట్టదు. పురుగుతోపాటు ఒకటి రెండు లోపలికి పోయినా ఏం కాదు. మందలు మందలైతేనే కష్టం: మేతంత అవే తింటయి, పురుగులు బక్కచిక్కుతయి. అసలు ప్రమాదం మనం కొట్టే మందుతోని. చీమల చాక్‌పీసు, స్ప్రే, వేపనూనె, ఏదీ దగ్గరికి రానీయొద్దు. కప్ప నోటితోని నీళ్లు తాగదు, తోలుతోనే పీలుస్తది, మందునూ అట్లనే పీలుస్తది.

వీటికి మూలం తేమ. గాలిల తేమ 65, 70 శాతం దాటితే బాగ పెరుగుతయి. వానాకాలంల నల్లగొండలో అది మామూలే. ఈ మూతకు సూది బెజ్జాలు ఆరే ఉన్నయి, పైగా లోపల ఆలుగడ్డ ముక్క మెత్తబడి నీరు కారింది.

బాగు చేద్దాం. ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట రవ్వ జల్లెడల పోసి జల్లించుండ్రి. పెంట, నల్లులు చాలవరకు కిందికి పడతయి. మిగిలిన పొట్టును చాటల మెల్లగ చెరిగితే అది ఎగిరిపోతది, పురుగులు మిగుల్తయి. కింద పడ్డదాన్ని బయట పారేయొద్దు, దాని మీద సలసల కాగే నీళ్లు పోయండ్రి. డబ్బాను వేడినీళ్లతోని కడిగి ఎండల పెట్టాలె.

కొత్త పొట్టులోనే నల్లి గుడ్లు వస్తయి. అందుకే కవర్ల కట్టి, -18 డిగ్రీల ఫ్రీజర్ల మూడు దినాలు పెట్టాలె. తీసినంక చల్లదనం పోయేదాకా కవర్ విప్పొద్దు. విప్పితే నీటిబొట్లు పట్టి మొదటికొస్తది. గోధుమ పొట్టే వాడుండ్రి. మిర్యాలగూడ మిల్లుల వరి తవుడు చవకే గాని నూనె ఎక్కువ, తొందరగ ముక్క వాసనొచ్చి ఉండలు కడతది.

డబ్బాల పొట్టు రెండు వేళ్ల మందం చాలు. తేమకు గోరంత క్యారెట్ ముక్క అట్టముక్క మీద పెట్టి, మర్నాడే తీసేయాలె. మూత నడుమ కోసి స్టీల్ జాలీ అతికించుండ్రి. నల్లులు పక్క డబ్బాకు పోకుండ సబ్బునీళ్ల పళ్లెంల ఈ డబ్బాను నిలబెట్టండ్రి. కొన్ని నల్లులు పురుగుల ఒంటినే పట్టుకొని ఉంటయి కాబట్టి, వారానికి మళ్లొకసారి జల్లించాలె.