పొగ లేని నిప్పు
(చలికాలం ముందు డాలస్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న అమ్మలతో మొదలుపెడతాను. కూతురి పురిటికో, కోడలి పురిటికో వచ్చినవారు మీలో చాలామందే ఉన్నారు. మీతోపాటు పెట్టెలో సాంబ్రాణి కూడా వచ్చే ఉంటుంది. పసిబిడ్డకు తలంటి, కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ ధూపంలో జుట్టు ఆరబెట్టడం మనకు ఆనవాయితీ. ఊళ్లో ఆ గదికి పెంకుల సందులుండేవి, తలుపు కింద వేలెడు ఖాళీ ఉండేది. ఇక్కడి ఇళ్లను చలిగాలి చొరబడకుండా రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. లోపల పుట్టిన వాయువు లోపలే పేరుకుంటుంది.

బొగ్గు రాజుకునేటప్పుడు పొగ వస్తుంది కాబట్టి కుంపటిని బయటే పెడతాం. నిప్పులు కణకణలాడాక, పొగ పోయింది కదా అని లోపలికి తెస్తాం. ప్రమాదమంతా అక్కడే ఉంది. గాలి చాలినంత అందక కాలే ఆ నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాస్ లీకైతే మనం పసిగడతామంటే, కంపెనీలవాళ్లు అందులో కావాలని ఘాటు వాసన కలుపుతారు కనుక. దీనికి ఆ ఉపకారం చేసేవారెవరూ లేరు. బిడ్డ తల ఆరడానికి మెత్తని తువ్వాలు చాలు. కుంపటి మాత్రం ఇంట్లోకి వద్దు.

చిన్నవాళ్లు ఇది పెద్దల సంగతే అనుకోకండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ గ్యాస్‌దే అయినా దాని ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలి. జనం బార్బెక్యూ గ్రిళ్లను హాల్లోకి తెచ్చుకున్నారు, గ్యారేజీలో కారు ఆన్ చేసి అందులో కూర్చున్నారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు తిరిగి రాలేదు. గ్యారేజీ తలుపు ఎత్తి ఉంచినా సరిపోదు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి.

మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే ఈ వాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, మత్తు వస్తాయి. అచ్చం ఫ్లూలాగే ఉంటుంది, జ్వరం మాత్రం ఉండదు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్లగానే తగ్గితే అనుమానించండి. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ 98 చూపిస్తోందని ధీమాగా ఉండకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా దాని కంటికి ఆక్సిజన్ నిండిన రక్తంలాగే కనిపిస్తుంది. కడుపుతో ఉన్న అమ్మాయి ‘నాకిప్పుడు బాగానే ఉంది’ అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. గర్భంలోని బిడ్డ రక్తాన్ని ఇది తల్లి రక్తం కంటే ఆలస్యంగా వదులుతుంది.

ఫర్నేస్‌ను ఏటా చలి ముదరకముందే మెకానిక్‌కు చూపించండి. పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. పొగ అలారం వేరు, ఇది వేరు. అద్దె ఇంట్లో ఉంటే, గోడ మీద ఉన్నది ఏదో ఇవాళే దించి చూడండి. వెనక గడువు సంవత్సరం కూడా ఉంటుంది.

ఇదిగో, ఈ కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కుతున్నాను. వరుసగా నాలుగు కూతలు, కాస్త విరామం, మళ్లీ నాలుగు. ఎప్పుడో ఒకసారి కీచుమంటే బ్యాటరీ అయిపోతోందని అర్థం. నాలుగు కూతలు వినిపిస్తే కిటికీలు తెరుస్తూ కూర్చోకుండా, పిల్లలను ఎత్తుకుని బయటపడి 911కు ఫోను చేయండి. అగ్నిమాపక సిబ్బంది మీటరుతో గదులన్నీ చూసి రమ్మనేదాకా, పాస్‌పోర్టుల కోసమైనా సరే, లోపలికి వెళ్లకండి.